పరీక్ష ఎత్తేస్తే తలుపు తెరుచుకుంటుందా?

ప్రియమైన రఘూ,

నీ ఉత్తరం చేరింది. విశ్వవిద్యాలయ ప్రవేశాలకు పరీక్షలు పూర్తిగా ఎత్తేస్తే పేదింటి పిల్లలకు న్యాయం జరుగుతుందని రాశావు. ఆ ఒక్క మాటకే, కుశల ప్రశ్నలు కూడా పక్కనపెట్టి, నేరుగా వాదానికి దిగుతున్నాను.

పరీక్ష అందరినీ సమానంగా చూస్తుందని నేనూ అనను. కోచింగ్‌కు డబ్బు, చదువుకోవడానికి విడిగా ఒక గది, ర్యాంకు రాకపోతే ఇంకో ఏడాది ఆగగల వెసులుబాటు ఉన్నవాళ్లకే అందులో పైచేయి. అయితే దాని స్థానంలో వ్యాసాలు, సిఫారసు లేఖలు, ఆటలు, సేవా కార్యక్రమాలు వచ్చి కూర్చుంటే మాత్రం ఏం మారుతుంది? వ్యాసం దిద్దిపెట్టే సలహాదారు, ప్రతి విద్యార్థి గురించీ వివరంగా లేఖ రాయగల తీరిక ఉన్న ఉపాధ్యాయులు, జీతం లేని పనికి సెలవులన్నీ వెచ్చించగల స్తోమత ఎవరికి ఉంటాయో నీకు తెలుసు. ఆర్థికవేత్తలు రాజ్ చెట్టీ, డేవిడ్ డెమింగ్, జాన్ ఫ్రీడ్‌మన్ 2023లో వెలువరించిన అధ్యయనం చూడు: అక్కడి కళాశాల ప్రవేశ పరీక్షలైన ఎస్‌ఏటీ, ఏసీటీల్లో ఒకే స్థాయి స్కోర్లు ఉన్నా, అమెరికాలోని 12 అగ్రశ్రేణి సంస్థల్లో చేరే అవకాశం మధ్యతరగతి పిల్లలకంటే అత్యంత సంపన్నులైన 1 శాతం కుటుంబాల పిల్లలకు రెట్టింపుకు పైగా ఉంది. పూర్వ విద్యార్థుల సంతానానికి దక్కే ప్రాధాన్యం, క్రీడాకారుల ఎంపిక, చదువుకు సంబంధించని అర్హతలు ఇందుకు ప్రధాన కారణాలని వారు తేల్చారు. కోవిడ్ కాలంలో పరీక్షను పక్కనపెట్టిన అమెరికా విశ్వవిద్యాలయం ఎంఐటీ, ఉన్నతస్థాయి కోర్సులు లేని బడుల్లో చదివిన ప్రతిభావంతులను గుర్తించడానికి అది పనికొస్తుందంటూ 2022లో మళ్లీ తెచ్చుకుంది.

నా దృష్టిలో అసలు ప్రశ్న ఎవరిని ఎవరితో పోలుస్తున్నాం అన్నది. అమెరికాలోని టెక్సస్ రాష్ట్రపు 1997 చట్టం ప్రతి బడిలోనూ మొదటి 10 శాతంలో నిలిచినవారికి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చోటిచ్చింది. అంటే విద్యార్థికి పోటీ తన తరగతివాళ్లతోనే. (బడులు జాతులవారీగా విడిపోయి ఉండడం వల్లే ఆ పద్ధతి వేర్వేరు జాతుల పిల్లలకు ఎంతో కొంత చోటు దక్కించగలిగిందన్నది ఒక విచిత్రం.) బ్రెజిల్‌లో ఇంకా సూటిగా వెళ్లారు. అక్కడి ఫెడరల్ విశ్వవిద్యాలయాల్లో ఫీజు లేదు, కానీ ఖరీదైన ప్రైవేటు బడుల్లో చదివినవాళ్లే పేరున్న కోర్సుల సీట్లు ఎక్కువగా దక్కించుకునేవారు; 2012 చట్టం సగం సీట్లను ప్రభుత్వ బడుల విద్యార్థులకు కేటాయించి, అందులోనూ సగం తక్కువ ఆదాయంవారికి ఉంచింది.

ఇక లాటరీ సంగతి. నెదర్లాండ్స్‌లో వైద్యవిద్యకు చాలాకాలం లాటరీయే ఉండేది, 2017లో ఆపేశారు, 2023లో మళ్లీ అనుమతించారు. కనీస అర్హత దాటినవారి మధ్య చీటీ తీయడం నాకు అన్యాయంగా తోచడం లేదు. నువ్వు ఒప్పుకోవని తెలుసు; ఎందుకో వివరంగా రాయి.

నీ
మాధవ్