టోర్రెమోలినోస్ (స్పెయిన్) నుంచి

ప్రియమైన శ్రీకర్‌కు,

మాలగా విమానాశ్రయం నుంచి లోకల్ రైలెక్కి, లా నొగలేరా కూడలి దగ్గర దిగాను. గే బార్లలో చాలావరకు ఆ కూడలి చుట్టూనే ఉన్నాయి. రాత్రి తొమ్మిదింటికే తయారై వెళ్ళడం నా తెలివితక్కువతనం. కుర్చీలు తుడుస్తున్న కుర్రవాడు నన్ను జాలిగా చూశాడు. ఇక్కడివాళ్ళు అన్నం తినేదే పదింటికి, బార్లు నిండేది అర్ధరాత్రికి, క్లబ్బులకు కదిలేది రెండు దాటాక.

మర్నాడు పగలంతా సముద్రపొడ్డునే గడిపాను. పాత పడవలో ఇసుక నింపి, అందులో కట్టెలు మండించి, ఒక్కో పుల్లకు ఐదారు కవళ్ళ చేపలు గుచ్చి, గాలివాటు చూసుకుని ఆ పుల్లను నిప్పు పక్కన ఇసుకలో ఏటవాలుగా గుచ్చుతారు. కల్లుప్పు తప్ప ఇంకేమీ వేయరు. కారం పట్టించని చేపను విశాఖలో ఏనాడూ ముట్టని నేను రెండు పుల్లలు ఖాళీ చేశాను.

సాయంత్రం బెగోన్యా సందు చూడటానికి వెళ్ళాను. నియంత ఫ్రాంకో పాలనలో దేశమంతటా మనవాళ్ళను నేరస్థులుగా చూస్తున్న 1960లలో, విదేశీ పర్యాటకుల డబ్బు మీద ఆశతో ఈ సందులోని బార్లను చూసీచూడనట్టు వదిలేశారు. ఆ ఉదాసీనత ఎంతోకాలం నిలవలేదు: 1971 జూన్‌లో ఒక రాత్రి పోలీసులు సందును చుట్టుముట్టి, వందకు పైగా మనుషులను పట్టుకుపోయారు. ఈ ప్రాంతపు ఆండలూసియా శాసనసభ దీనిని చారిత్రక స్మృతి స్థలంగా గుర్తించింది 2018లో. అదే ఏడు సెప్టెంబరు 6న, స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన సెక్షన్ 377పై మన సుప్రీంకోర్టు తీర్పు వచ్చినప్పుడు, నువ్వు ఫోన్ చేసి ఒక్క మాటా మాట్లాడకుండా ఏడ్చావు.

ఆ రాత్రి పన్నెండు దాటాకే బారుకు వెళ్ళాను. డెబ్బై దాటిన ఇద్దరు పెద్దమనుషులు పక్క బల్ల దగ్గర ఉన్నారు; పాట మారగానే ఒకాయన రెండో ఆయన కళ్ళద్దాలు తీసి, మడిచి, తన చొక్కా జేబులో పెట్టుకుని ఆయనను నాట్యానికి లేవదీశాడు. నేను మాత్రం అలవాటు కొద్దీ, తెలిసినవాళ్ళెవరైనా వస్తారేమోనని తలుపు వైపే చూస్తూ కూర్చున్నాను. స్పెయిన్‌లో మా వీధివాళ్ళెవరొస్తారు, చెప్పు! తరవాత వెళ్ళిన క్లబ్బు నాకు అంతగా నచ్చలేదు, చెవులు హోరెత్తిపోయాయి.

వచ్చే సెప్టెంబరులో మళ్ళీ రావాలని ఉంది. ఎండ తగ్గినా నీళ్ళు వెచ్చగానే ఉంటాయి. నీకు సెలవు దొరుకుతుందేమో కనుక్కో. వీసాకు సమయం పడుతుంది కాబట్టి ఆలస్యం చేయకు.

నీ
మాధవ్