సముద్రం దాటి వచ్చిన డోలక్కు

చగ్వానాస్, ట్రినిడాడ్

పూజ్యులైన నాన్నగారికి నమస్కరించి వ్రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. అమ్మ పంపిన కందిపొడి, గోంగూర పచ్చడి అందాయి. కిందటిసారి ఫోనులో మాట్లాడుతుండగా వెనక వినబడిన పాట ఏమిటని అడిగారు. "మన డోలక్కు దరువులా ఉందే" అని కూడా అన్నారు. వీధిలో కార్నివాల్ (ఏటా జరిగే వీధి పండుగ) లారీల హోరు వల్ల అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. మీరు విన్నది సోకా అనే ఇక్కడి నృత్య సంగీతం. ఆ పాటలో డోలక్కు లేదు గాని, డోలక్కు నడక ఉంది. భజనల్లో ఇన్నేళ్లు వాయించిన మీ చెవి పొరబడలేదు.

సోకాకు తల్లి కాలిప్సో అనే పాత పాటల బాణీ. 18వ శతాబ్దం చివర ఫ్రెంచి తోటల యజమానులు తమ వెంట తెచ్చిన ఆఫ్రికా బానిసల పాటల్లోంచి అది పుట్టింది. బాగా పాడినవారిని పాతతరం శ్రోతలు నేటికీ "కైసో!" అని మెచ్చుకుంటారు, మనం శభాష్ అన్నట్టు. బుర్రకథలో కథకుడికి ఒక పక్క రాజకీయం చెప్పే వంత, మరో పక్క హాస్యం చెప్పే వంత ఉంటారు కదా. కాలిప్సో గాయకుడు ఆ ముగ్గురి పనీ ఒక్కడే చేస్తాడు. ధరలు పెరిగినా, గవర్నరు తప్పు చేసినా, పక్కింట్లో గొడవ జరిగినా కార్నివాల్ నాటికి పాటకెక్కవలసిందే. అటిలా ది హన్ అనే పేరుతో పాడిన రేమండ్ క్వెవెడో 1950లో శాసనమండలికే ఎన్నికయ్యారు.

దొరతనానికి ఇదంతా రుచించలేదు. 1881 కార్నివాల్‌లో పోలీసులకూ కాగడాలు పట్టిన జనానికీ పెద్ద ఘర్షణ జరిగింది; 1884లో చట్టం చేసి డోళ్ల మీద ఆంక్షలు పెట్టారు. జనం వెదురు బొంగులు నరికి నేలకేసి మోదుతూ తాళం వేసుకున్నారు. తరవాత డబ్బాలు, చివరికి చమురు పీపాలు వాయిద్యాలయ్యాయి. ఇప్పుడు ఈ దేశపు గుర్తుగా చెప్పుకునే స్టీల్‌పాన్ అలా వచ్చినదే. 1948లో లార్డ్ కిచెనర్ అనే పేరుతో పాడే కాలిప్సో గాయకుడు ఓడెక్కి లండన్ చేరినప్పుడు కాలిప్సో కూడా ఆయనతో దిగింది. న్యూయార్క్‌లో పుట్టిన గాయకుడు హ్యారీ బెలఫాంటే కాలిప్సో రికార్డు ఒకటి 1956లో వచ్చి లక్షల్లో అమ్ముడుపోయింది. దానిలో కాలిప్సో పాలు తక్కువని ఇక్కడివారు గొణుగుతుంటారు. విన్నాక నాకూ అలాగే అనిపించింది.

ఇక డోలక్కు సంగతి. 1845 నుంచి 1917 వరకు చెరకు తోటల పనికి లక్షా నలభై వేలకు పైగా భారతీయులు ఈ దీవికి వచ్చారు. ఎక్కువమంది కలకత్తా రేవులో ఎక్కినవారే అయినా మద్రాసు నుంచి వచ్చిన ఓడల్లో తమిళులతో పాటు మన తెలుగువారూ ఉన్నారు. భారతీయులు ఎక్కువగా ఉండే లెంగ్వా అనే ఊళ్లో పుట్టిన ఆఫ్రికా సంతతి గాయకుడు లార్డ్ షార్టీ, జమైకా రెగ్గే సంగీతం ముందు కాలిప్సో వెనకబడుతోందని బాధపడి, చిన్ననాట పొరుగిళ్లలో విన్న డోలక్కునూ ధంటాల్‌నూ తన పాటలోకి తెచ్చారు. ధంటాల్ అంటే పొడవాటి ఇనుప కడ్డీ. గుర్రపు నాడాలాంటి ఇనుప ముక్కతో దాన్ని కొడతారు. 1973లో వచ్చిన ఆయన పాట "ఇంద్రాణి" మీద విమర్శలు రావడంతో, ఆయన వాయిద్యాలను పక్కన పెట్టి ఆ నడకను మాత్రం గిటారు మీదికి, డ్రమ్ముల మీదికి మళ్లించారు. నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చిన తెలివి అదే. అలా పుట్టిన సోకా ఆ తరవాత మాంట్‌సెరాట్ వంటి చిన్న దీవులకూ, టొరంటో, బ్రూక్లిన్ వీధులకూ పాకింది. 1987లో ద్రుపతీ రామ్‌గూనాయ్ పాడిన పాటతో, ఇక్కడి భారతీయుల జానపద బాణీ అయిన చట్నీ కలిసిన సోకాకు చట్నీ సోకా అన్న పేరు స్థిరపడింది. ఆడపిల్ల అలా పాడడమేమిటని పెద్దలు కొందరు కోప్పడ్డారు కూడా.

మొన్న మా ఇంటి యజమాని బంధువుల పెళ్లికి వెళ్లాను. తాసా అనే డోలు వాయించేవారు ముందుగా ఎండుపుల్లలతో మంట వేసి, మేకతోలు మూతను దాని సెగకు తిప్పుతూ కాచారు. వేలితో మీటి చూసి, గొంతు బిగిసిందనుకున్నాకే మెడకు తగిలించుకున్నారు. మన ఊరి జాతరలో డప్పులు కాచినట్టే. ఆ వాయింపును రికార్డు చేసి తమ్ముడి ఫోనుకు పంపాను. మూడో నిమిషంలో మారే ఆ దరువును మీరు ఏమంటారో తప్పక వ్రాయండి.

ఇట్లు,
మీ కుమారుడు