పల్లెకు రమ్మనే ముందు బస్సు వేయండి

సంపాదకులకు నమస్కారం.

నగరం వదిలి పల్లెలో స్థిరపడినవాళ్ల గురించి వచ్చే కథనాలను నేను వదలకుండా చదువుతాను. మా ఇంట్లోనూ ఇప్పుడు ఇదే చర్చ నడుస్తోంది. ఆ కథనాల్లో చెట్లుంటాయి, చల్లగాలి ఉంటుంది, తక్కువ డబ్బుకే పెద్ద ఇల్లు దొరికిందన్న సంతోషం ఉంటుంది. ఆసుపత్రి ఎంత దూరమో మాత్రం ఎవరూ రాయరు.

ముందు అడగాల్సింది అదే అని నా అభిప్రాయం. మెదడులో రక్తం గడ్డకట్టి పక్షవాతం వస్తే, గడ్డను కరిగించే మందు లక్షణాలు కనిపించిన నాలుగున్నర గంటల్లోపు పడాలి. అదీ స్కాన్ తీసి, మెదడులో రక్తస్రావం లేదని తేలాకే. అంటే దగ్గర్లో ఏదో ఒక ఆసుపత్రి ఉంటే సరిపోదు. అర్ధరాత్రి కూడా స్కాన్ తీసి, చూసి చెప్పగల డాక్టరున్న ఆసుపత్రి కావాలి. అంబులెన్సు ఇంటిదాకా రావడానికి పట్టే సమయం కూడా అందులోనే కలుస్తుంది. నలభై ఏళ్లప్పుడు ఈ లెక్క ఎవరికీ టెన్షన్ పెట్టదు. కానీ ఇల్లు కొనేది ముసలితనందాకా ఉందామనే కదా! చూపు తగ్గి కారు నడపడం మానేశాక, బస్సు రాని ఊళ్లో మందులకైనా ఒకరిని బతిమాలుకోవాలి.

నీళ్ల సంగతీ అంతే. చాలా పల్లె ఇళ్లలో బోరు, సెప్టిక్ ట్యాంకు రెండూ ఇంటివాళ్ల బాధ్యతే. పొలాల్లో వేసిన ఎరువుల నుంచి నైట్రేట్లు భూగర్భ జలంలోకి దిగుతాయి. వాటికి రంగు, రుచి, వాసన ఏవీ ఉండవు, పసిపిల్లలకు మాత్రం ప్రమాదం. అందుకే బోరు నీళ్లను ఏటా పరీక్ష చేయించాలి. ట్యాంకును మామూలుగా 3 నుంచి 5 ఏళ్లకోసారి ఖాళీ చేయించాలి. ఇవేమీ భయపడాల్సిన పనులు కావు, తెలిసి వెళ్లాలంతే.

నగరాన్ని నేను వెనకేసుకు రావడం లేదు. ఆ పొగ, ఆ రణగొణధ్వని, ఏటా పెరిగే అద్దె మనిషిని ఎంత అలిసిపోయేలా చేస్తాయో నాకు తెలుసు. 2020లో కరోనా వచ్చాక ఎందరో ఇంటి నుంచే పనిచేయగలమని తెలుసుకుని ఊళ్లకు వెళ్లారు. తర్వాత చాలా కంపెనీలు ఆఫీసుకు రమ్మన్నాయి. అప్పటికే ఇల్లు కొనేసినవాళ్ల పరిస్థితి ఏమిటి? పైగా దంపతుల్లో ఒకరి ఉద్యోగం ఇంటి నుంచి సాగినా, రెండోవాళ్లకు అక్కడ పని దొరుకుతుందా అన్నది చాలాసార్లు చర్చకే రాదు. సాధారణంగా ఆ రెండో మనిషి భార్యే కావడం నన్ను బాధిస్తుంది.

ఖాళీ అవుతున్న ఊళ్లను నింపడానికి ప్రభుత్వాలు ప్రయత్నిస్తున్నాయి, మంచిదే. ఇటలీలో కొన్ని పట్టణాలు పాడుబడ్డ ఇళ్లను ఒక్క యూరోకే అమ్మాయి. కానీ గడువులోపు బాగు చేయించాలన్న షరతు ఉంటుంది, అసలు ఖర్చంతా అక్కడే. జపాన్‌లో 2023 సర్వే ప్రకారం సుమారు 90 లక్షల ఇళ్లు ఖాళీగా ఉన్నాయి. ఆ దేశం 2009లో మొదలుపెట్టిన పథకంలో, నగరాల నుంచి ఊళ్లకు వచ్చినవాళ్లకు గరిష్ఠంగా మూడేళ్లపాటు జీతమిచ్చి స్థానిక పనులు అప్పగిస్తారు. నాకు ఈ పద్ధతే నచ్చింది. మనిషికి ముందు పని, ఊరివాళ్లతో పరిచయం దొరుకుతాయి. ఇల్లు కొనాలో వద్దో ఆ తర్వాత తీరిగ్గా తేల్చుకోవచ్చు.

ఇంకో మాట. బయటి నుంచి డబ్బున్నవాళ్లు వచ్చి ఇళ్లు కొంటే ధరలు పెరిగి, ఆ ఊళ్లో పుట్టిన పిల్లలకే ఇల్లు దొరకని స్థితి వస్తుంది. బడి మూతపడకుండా, బస్సు ఆగకుండా, నర్సు రోజూ వచ్చేలా చూస్తే కొత్తవాళ్లూ వస్తారు, ఉన్నవాళ్లూ కదలరు.

అందుకే ప్రభుత్వాలు పల్లెకు రమ్మని ప్రచారం చేసేటప్పుడు, ఆ ఊరికి అంబులెన్సు ఎంతసేపట్లో వస్తుందో, చివరి బస్సు ఎన్నింటికో, ఇంటర్నెట్ వేగం ఎంతో కూడా ప్రకటించాలి. మీరు కూడా ఇలాంటి కథనం వేసేటప్పుడు, వెళ్లి చాలా ఏళ్లయినవాళ్లతోనూ, ఉండలేక తిరిగి వచ్చేసినవాళ్లతోనూ మాట్లాడి రాయించండి.

ఇట్లు,
మీ పాఠకురాలు