వీల్ ఆర్చ్‌ల పనిలో ఈ నెల నుంచి చేస్తున్న మార్పులు

గుంటూరులోని మా షాపులో కారు కడిగించుకునే కస్టమర్లందరికీ నమస్కారం. వాటర్ వాష్‌తో పాటు చక్రాల పైవంపుల (వీల్ ఆర్చ్‌ల) చుట్టూ ఉండే నల్లటి ప్లాస్టిక్‌కు ఇంతకాలం ఉచితంగా పూస్తూ వచ్చిన డ్రెస్సింగ్‌ను, అంటే మెరుపునిచ్చే నూనె పూతను, ఈ నెల నుంచి నిలిపివేస్తున్నాం. ఇకపై ఆ భాగాన్ని శుభ్రం చేయడం ఒక పని, వెలిసిన నలుపును తిరిగి తేవడం వేరొక పని. రెండింటికీ విడివిడిగా రుసుము ఉంటుంది. మీకు ఖర్చు పెంచే మార్పు కాబట్టి కారణాలను వివరంగా చెప్పవలసి ఉంది.

బ్రెజా, నెక్సాన్ వంటి కార్లకు చక్రాల పైవంపు వెంట కనిపించే ఈ నల్లటి పట్టీ, అంటే క్లాడింగ్, సాధారణంగా పాలీప్రొపిలిన్ రకం ప్లాస్టిక్. దాని నలుపు పైన వేసిన పెయింట్ కాదు, తయారీలోనే లోపల కలిపిన కార్బన్ బ్లాక్ పొడి. ఏళ్ల తరబడి ఎండలో నిలిచిన ప్లాస్టిక్ పైపొర అతినీలలోహిత కిరణాల వల్ల, గాలిలోని ఆక్సిజన్ వల్ల క్షీణించి, కంటికి ఆననంత సన్నని పగుళ్లు తేలుతుంది. ఆ పగుళ్ల మీద పడిన వెలుతురు చెదిరిపోవడం వల్ల నల్లటి భాగం మనకు బూడిద రంగులో కనిపిస్తుంది. వెలిసిన చోట కాసిని నీళ్లు చల్లి చూడండి: పగుళ్లు నీటితో నిండగానే నలుపు కనిపిస్తుంది, ఆరగానే మళ్లీ తెల్లబారుతుంది. సిలికాన్ నూనెతో చేసిన డ్రెస్సింగ్ పనితీరు కూడా ఇంతే. నీటికంటే నెమ్మదిగా పోతుంది, అంతే తేడా. కారు అప్పగించేటప్పుడు నిగనిగలాడే ఆ మెరుపు మీలో చాలామందికి ఇష్టమని మాకు తెలుసు. కానీ ఆ జిడ్డుకు దుమ్ము పట్టుకుంటుంది, చక్రం తిరిగేటప్పుడు చుక్కలుగా చిమ్మి డోర్ల పెయింట్ మీద పడుతుంది, పైగా తర్వాత ఎప్పుడైనా మంచి కోటింగ్ వేయాలనుకుంటే దాన్ని అంటుకోనివ్వదు.

అసలు శ్రమ అంతా శుభ్రం చేయడంలోనే ఉంది. మన చుట్టుపక్కల నల్లరేగడి మట్టి తడిసి ఉబ్బి, ఆరాక గట్టిపడి, ప్లాస్టిక్ గరుకుదనంలోకి దిగిపోతుంది; ప్రెషర్ గన్‌తో ఒక్కసారి కొట్టినంత మాత్రాన అది వదలదు. అందుకే ముందు నీటితో బాగా నానబెట్టి, పైమట్టి రాలిన తర్వాత 1 పాలు క్లీనర్‌కు 10 పాళ్లు నీరు కలిపి, నీడలో, ప్లాస్టిక్ చల్లగా ఉన్నప్పుడు మెత్తని బ్రష్‌తో రుద్దుతాం. వేడిగా ఉన్న ప్లాస్టిక్ మీద క్లీనర్ ఆరిపోతే మరకలు మిగులుతాయి కనుక వేసవి మధ్యాహ్నాల్లో ఈ పని తీసుకోము. తారు చుక్కలను దానికి తగిన ద్రావకంతో ఒక్కొక్కటిగా తీయాలి. కొన్ని కార్ల మీద తెల్లదనం వెలిసిపోవడం వల్ల కాదు. ఎవరో బాడీకి పాలిష్ పట్టేటప్పుడు పక్కనున్న ప్లాస్టిక్ గరుకులో ఇరుక్కుని ఎండిన పదార్థం అది. అలాంటి కార్లకు శుభ్రం చేస్తే చాలు, రెండో పనికి డబ్బు తీసుకోము. సూర్యలంక బీచ్‌కు వెళ్లి వచ్చిన వాళ్లు మాత్రం ఆలస్యం చేయవద్దు. ఉప్పుతో తడిసిన ఇసుక లోపలి లైనర్ (చక్రం వెనుక ఉండే తొడుగు) అంచు వెనుక పేరుకుంటే ఫెండర్ రేకు, అంటే చక్రం పైన ఉండే బాడీ రేకు, అక్కడి నుంచే తుప్పు పడుతుంది, బయటికి బుడగలు తేలేదాకా ఎవరికీ తెలియదు.

మీరు అడిగినా మేం చేయని పనులు కొన్ని ఉన్నాయి. కిరోసిన్, డీజిల్, వాడేసిన ఇంజిన్ ఆయిల్ వీల్ ఆర్చ్‌ల లోపల కొట్టము. చూడటానికి నల్లగా వస్తుంది, నిజమే. కానీ బ్రేక్ హోస్‌లలో (బ్రేక్ ద్రవం వెళ్లే గొట్టాల్లో) ఎక్కువగా వాడే ఈపీడీఎం అనే రకం రబ్బరు పెట్రోలియం నూనెలు తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది, బ్రేక్ డిస్క్ మీద పడిన నూనె గురించి చెప్పనే అక్కర్లేదు. హీట్ గన్‌తో కాల్చి నలుపు తేవడం వీడియోల్లో అద్భుతంగా కనిపిస్తుంది. పాలీప్రొపిలిన్ సుమారు 160 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, గన్ అంతకంటే చాలా ఎక్కువ వేడెక్కుతుంది, ఒక్క క్షణం చేయి ఆగితే గరుకు డిజైన్ కరిగి నున్నటి మచ్చ శాశ్వతంగా ఉండిపోతుంది. పైగా ఎండ మళ్లీ తన పని తాను చేసుకుపోతుంది. స్ప్రే పెయింట్ సంగతీ అంతే: సరైన ప్రైమర్ లేకుండా ఈ ప్లాస్టిక్‌కు పెయింట్ అంటదు, రాళ్లు తగిలిన చోటల్లా పొరలుగా లేస్తుంది.

ఇకపై క్లాడింగ్‌కు వేయబోయేది ట్రిమ్ కోటింగ్, అంటే ప్లాస్టిక్ మీద గట్టిపడి నిలిచే పూత. పాత జిడ్డంతా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరాక, పలుచగా పూసి గట్టిపడనిస్తాం. అందుకే కారును ఆ రోజంతా మా దగ్గర వదలాలి, అది గట్టిపడేదాకా తడవకూడదు. వర్షాకాలంలో తేదీ మారే అవకాశం ఉంది. ఫలితం డ్రెస్సింగ్ అంత మెరవదు, కొత్త కారులో ఉన్నట్టు మసక నలుపుగా ఉంటుంది. వారాల్లో పోయే డ్రెస్సింగ్‌తో పోలిస్తే ఇది నెలల తరబడి నిలుస్తుంది, అయితే నిత్యం ఎండలో పార్క్ చేసే కారుకు, నీడలో ఉండే కారుకు ఒకే గ్యారంటీ ఇవ్వడం సాధ్యం కాదు కనుక ఎవరికీ కాగితం మీద గ్యారంటీ రాసివ్వము. వేలితో రుద్దితే పొడి రాలేంతగా పాడైన ప్లాస్టిక్‌కు, బీటలు వారిన దానికి ఈ పని దండగ. కొత్త క్లాడింగ్ వేయించుకోమనే చెబుతాం, అందులో మాకు మిగిలేది ఏమీ లేకపోయినా.

చక్రం వెనుక దాగి ఉండే లోపలి లైనర్‌కు కోటింగ్ అమ్మము. రాళ్లు, బురద నేరుగా తగిలే చోట అది నిలవదు, నిలిచినా చూసేవారు లేరు. లైనర్‌ను విప్పి కడగమంటే చక్రాలు తీసి ఆ పని చేస్తాం. పాత కార్లలో దాన్ని పట్టి ఉంచే ప్లాస్టిక్ క్లిప్పులు పెళుసుబారి విప్పేటప్పుడు విరుగుతాయి, కొత్త క్లిప్పుల ఖర్చు బిల్లులో వేరుగా కనిపిస్తుంది. ధరను ఫోన్‌లో అడగవద్దని మనవి. కారును కడిగి ఆరబెట్టి, తెల్లదనం దేనివల్లో చూసిన తర్వాతే చెప్పగలం, అలా చూసి చెప్పినందుకు రుసుము ఉండదు.