సెన్సార్ గొట్టం మార్చుకుంటే నేరమా? రవాణా మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల శాఖ మంత్రివర్యులకు,

నమస్కారం. నా బండి సెన్సార్‌కున్న గొట్టం పగిలితే మార్చుకోవచ్చా లేదా అన్న విషయం మీద ఇంగ్లీషులో రాయించి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను. కొన్నాళ్లకు ‘డిస్పోజ్డ్’ అని మెసేజ్ వచ్చింది. ఎవరు ఏం డిస్పోజ్ చేశారో తెలియదు. ప్రజావాణిలో అర్జీ ఇస్తే అది కేంద్రం చూసుకోవాలి, మాది కాదన్నారు. కంపెనీ కస్టమర్ కేర్ వాళ్లు నా కాల్ తమకెంతో ముఖ్యమని చెప్పి పాట వినిపించారు. అందుకే ఈసారి తెలుగులో, నలుగురూ చదివేలా రాస్తున్నాను.

నాది బీఎస్-6, అంటే కొత్త పొగ నిబంధనల ప్రకారం వచ్చిన డీజిల్ పికప్. తెల్లారకముందే బోయిన్‌పల్లి మార్కెట్‌లో కూరగాయలు ఎక్కించుకుని సికింద్రాబాద్, మల్కాజిగిరి గల్లీల్లో షాపు షాపుకూ దించుతాను. పొగలోని మసిని పట్టే ఫిల్టర్‌ను డీపీఎఫ్ అంటారు. అందులో పేరుకున్న మసి కాలాలంటే లోపల దాదాపు 600 డిగ్రీల వేడి పుట్టాలి, అందుకు బండి కాసేపు ఆగకుండా మంచి స్పీడులో పోవాలి, ఇదంతా మీకు తెలిసిందే. మల్కాజిగిరి గల్లీలో ఎంత స్పీడులో పోవాలో మాత్రం తమరే సెలవియ్యాలి. మసి నిండిందని లైటు వెలిగినప్పుడల్లా ఖాళీ బండిని ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కించి, టోల్ కట్టి, డీజిల్ కాల్చి వస్తుంటాను. పొగ తగ్గించడానికి డీజిల్ తగలెయ్యడం అన్నమాట. సరే, అదీ భరించాను.

అసలు గొడవ ఒక గొట్టంతో మొదలైంది. డీపీఎఫ్‌కు ముందూ వెనకా ఒత్తిడిలో తేడా కొలిచే సెన్సార్ ఒకటుంటుంది. దానికి వేలెడు లావు కూడా లేని రెండు గొట్టాలు. వేడికి ఎండి వాటిలో ఒకటి పగిలింది. సెన్సార్ తప్పు లెక్క పంపింది, ఇంజిన్ లైటు వెలిగింది, బండి లింప్ మోడ్‌లోకి, అంటే ఇంజిన్ తనంతట తానే పవర్ తగ్గించేసుకునే స్థితిలోకి పోయింది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా పికప్ లేదు. టమాటా లోడుతో ఫ్లైఓవర్ ఎక్కలేక పాకుతుంటే వెనకాల హారన్ల మోత.

సర్వీస్ సెంటర్‌కు వెళ్తే గొట్టం విడిగా రాదన్నారు. సెన్సార్‌తో కలిపి అసెంబ్లీ మొత్తం కొనాలట. పోనీ కొంటానంటే స్టాక్ లేదు. ‘ఆర్డర్ పెట్టాం అన్నా, పైనుంచి రావాలి’ అన్నారు. ఆ పై ఎక్కడుందో గానీ వారాలు గడిచినా రాలేదు. ఫైనాన్స్ కంపెనీ ఈఎంఐ మాత్రం తారీఖు తప్పకుండా వచ్చింది. రోజూ నా కోసం చూసే షాపుల వాళ్లు వేరే బండి మాట్లాడుకున్నారు, వాళ్లననడానికి లేదు.

చివరికి ఆటోనగర్‌లో వేడికి తట్టుకునే సిలికాన్ గొట్టం, అదే సైజుది, కొని రెండూ మార్చేశాను. రెండు చివర్లా క్లిప్పులు బిగిస్తే అయిపోయే పని. సెన్సార్‌ను ముట్టుకోలేదు, వైరు కత్తిరించలేదు. కానీ బండి కంప్యూటర్‌లో పడ్డ ఎర్రర్ కోడ్ పోలేదు. దాన్ని చెరపడానికి నా బండికి కంపెనీ స్కానరే కావాలన్నారు. మళ్లీ అదే సర్వీస్ సెంటర్. వాళ్లు కొత్త గొట్టాలు చూసి, ‘ఇది ఆల్టరేషన్, ఈ పార్టుకు వారంటీ పోయింది’ అన్నారు. నిజమేనా అని ఒక అధికారిని అడిగితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 182ఏ చదివి వినిపించారు. బండిలో అనుమతి లేని మార్పు చేస్తే ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదంటే ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. నేను మార్చింది రెండు గొట్టాలు. అంటే పదివేలా సార్?

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. అదే ఆటోనగర్‌లో ఒకాయన, ‘ఎందుకన్నా ఈ తిప్పలు? డీపీఎఫ్ లోపలిదంతా కొట్టేసి సాఫ్ట్‌వేర్ మార్చేస్తా, ఇక లైటు జన్మలో వెలగదు’ అన్నాడు. ఇంకొకాయన ఇంజిన్ వేడి కొలిచే కూలెంట్ సెన్సార్ వైరు మధ్యలో ఒక రెసిస్టర్ పెడతానన్నాడు. ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందని ఈసీఎం, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ నమ్మి డీజిల్ ఎక్కువ కొడుతుంది. పికప్ వచ్చినట్టే ఉంటుంది, నల్లపొగ కూడా వస్తుంది. నేను ఒప్పుకోలేదు. ఆ పొగ పీల్చేది మార్కెట్‌లో హమాలీలు, వాళ్ల పక్కన నిలబడే నేను. కానీ అలా చేయించుకున్న బండ్లు పొల్యూషన్ సర్టిఫికెట్ అద్దానికి అంటించుకుని హాయిగా తిరుగుతున్నాయి. బండిని ఉన్నది ఉన్నట్టు బాగుచేసుకున్నవాడు అడ్డకత్తెరలో పోకచెక్క అయ్యాడు.

యూరప్ వాళ్ల పొగ నిబంధనలు యూరో-6 చూసే కదా మనం 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 తెచ్చుకున్నాం. ఆ యూరో-6 తెచ్చిన 715/2007 నిబంధనల్లోనే, రిపేర్ సమాచారం బయటి మెకానిక్‌లకు కూడా ఇవ్వాలని రాశారు. పొగ సంగతి మా దాకా వచ్చింది, రిపేర్ సంగతి దారిలో ఎక్కడ దిగిపోయిందో! 2014లో కంపెనీల మధ్య పోటీ సక్రమంగా ఉండేలా చూసే కాంపిటీషన్ కమిషన్ సరిగ్గా ఈ స్పేర్ పార్టులు, స్కానర్ల విషయంలోనే 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల జరిమానా వేసింది. అది కోర్టుల చుట్టూ తిరిగింది. 2022 డిసెంబర్‌లో మీ ప్రభుత్వమే రైట్ టు రిపేర్ (బాగుచేయించుకునే హక్కు) పోర్టల్ పెట్టింది, అందులో వాహనాలూ ఉన్నాయి. పోర్టల్ చూశాను, బాగుంది. నా గొట్టం మాత్రం అందులో లేదు.

సార్, మీరు తలుచుకుంటే కానిదేముంది? చట్టంలో 110ఏ కింద లోపమున్న బండ్లను వెనక్కి పిలిపించే అధికారం మీకుంది. అంత దూరం వద్దు. గొట్టాలు, సెన్సార్లు విడివిడిగా అమ్మమనండి. కోడ్ చెరిపే స్కానర్ బయటి మెకానిక్‌లకూ అందేలా చూడండి. గల్లీల్లో తిరిగే బండికి డీపీఎఫ్‌లో మసి ఎలా కాలాలో కంపెనీ ఇంజినీర్లను ఒకసారి నాతో కూర్చోబెట్టి అడగండి. పాడైనదాన్ని అదే రకం దానితో మార్చుకోవడం ఒకటి, సెన్సార్‌ను మోసం చేయడం ఒకటి. ఈ తేడా మీ చట్టానికి ఎలాగూ తెలిసే ఉంటుంది, దాన్ని చేతిలో పట్టుకుని చలాన్ రాసేవాళ్లకు కూడా తెలియజెయ్యండి.

పాత ఫిర్యాదు కాపీ, గొట్టం బిల్లు జత చేస్తున్నాను. ఈసారి కూడా డిస్పోజ్డ్ అనే పెట్టేటట్టయితే, ఆ పక్కనే గొట్టం మార్చుకోవచ్చో లేదో ఒక్క ముక్క రాయించండి. ఆ కాగితం బండిలో పెట్టుకుంటాను.

ఇట్లు,
ఒక పికప్ బండి ఓనర్ కమ్ డ్రైవర్,
సికింద్రాబాద్