విదేశంలో పెళ్లికి పిలిచేవారు ప్రయాణ వివరాలూ చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

దుబాయ్, థాయిలాండ్, బాలి వంటి చోట్ల పెళ్లి పెట్టుకొని ఇక్కడి బంధువులను అక్కడికి పిలిచే పద్ధతి మన కడపకూ వచ్చింది. పిలుపులో మర్యాదకు లోటుండదు, టికెట్లు కూడా పెళ్లివారే తీసిస్తున్న ఇళ్లున్నాయి. అయితే శుభలేఖలో ముహూర్తం, వేదిక తప్ప మరేమీ ఉండదు. ఎన్నడూ విమానం ఎక్కని పెద్దలు ఏమేమి సిద్ధం చేసుకోవాలో విడమరిచి చెప్పే బాధ్యత కూడా పిలిచినవారిదేనని నా గట్టి అభిప్రాయం.

ముందు పాస్‌పోర్టు చూసుకోవాలి. గడువు ఇంకా తీరలేదు కదా అని ఊరుకుంటే కుదరదు. దుబాయ్, బాలి వంటి చోట్ల దిగేనాటికి కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. అంతకన్నా పెద్ద చిక్కు పేరుతో వస్తుంది. మన పెద్దవాళ్ల పాస్‌పోర్టుల్లో కొన్నింటిలో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది. పర్యాటక వీసాపై వచ్చేవారి పాస్‌పోర్టులో ఒక్క పేరే ఉంటే అనుమతించబోమని యూఏఈ (దుబాయ్ ఉన్న దేశం) 2022 నవంబరులో నిబంధన పెట్టింది. రెండో పేజీలో తండ్రి పేరో కుటుంబం పేరో ఉంటే చాలని తర్వాత వివరణ వచ్చినా, విమానాశ్రయం కౌంటరు దగ్గర నిలబడి వాదించే పరిస్థితి పెద్దవాళ్లకు రాకూడదు. ముందుగానే ఇంటిపేరు చేర్పించుకొని కొత్త పాస్‌పోర్టు తీసుకోవడం మంచిది. 36 పేజీల పాస్‌పోర్టుకు రుసుము 1,500 రూపాయలు, తత్కాల్ అయితే మరో 2,000. పోలీసు విచారణకు పట్టే సమయాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి.

మన జిల్లా నుంచి కువైట్‌కు, ఇతర గల్ఫ్ దేశాలకు పనికి వెళ్లేవారు చాలామంది. పదో తరగతి పాసుకాని వారి పాస్‌పోర్టు సాధారణంగా ఈసీఆర్ కోవలోకి, అంటే కొన్ని దేశాలకు పనికి వెళ్లాలంటే ముందుగా ప్రభుత్వ (ఎమిగ్రేషన్) అనుమతి తీసుకోవాల్సిన కోవలోకి వస్తుంది. ఆ అనుమతి ఉద్యోగానికి వెళ్లేవారికే కావాలి, పెళ్లి చూసి వచ్చేవారికి అక్కర్లేదు. అయినా అధికారులు ప్రశ్నలు అడగవచ్చు కాబట్టి తిరుగు టికెట్, హోటల్ బుకింగ్, శుభలేఖ కాగితం రూపంలో చేతిలో ఉండాలి. తెలుగు శుభలేఖతో పాటు ఒక ఇంగ్లిషు ప్రతి కూడా ఇస్తే, ఒంటరిగా బయలుదేరే ఆడవాళ్లకు ఎంతో ధైర్యంగా ఉంటుంది.

సామాను సర్దేటప్పుడు మన ఇళ్లలో ఎవరికీ అనుమానం రాని వస్తువులే చిక్కు తెచ్చిపెడతాయి. ఎండుకొబ్బరి గిన్నెలు, కర్పూరం పెళ్లి సామానులో తప్పనిసరి అనుకుంటాం. రెండూ తేలిగ్గా నిప్పంటుకునేవి కాబట్టి విమానంలో అనుమతించరు. గసగసాలు యూఏఈలోనూ సింగపూర్‌లోనూ నిషిద్ధం. పొట్లం కట్టి పెట్టుకున్నవే కాదు, కోడికూరకని ఇంట్లో దంచిన మసాలాపొడిలో కలిసినవి కూడా ప్రమాదమే. మందుల విషయంలోనూ ఇంతే జాగ్రత్త అవసరం. నొప్పులకు వాడే ట్రమడాల్, కొన్ని దగ్గుమందుల్లో ఉండే కోడీన్ యూఏఈకి తీసుకెళ్లాలంటే ముందస్తు అనుమతి కావాలి. బీపీ, షుగరు మాత్రలను డబ్బాలో కలిపి పోయకుండా, షీట్లతోనే, డాక్టరు చీటీతో సహా చేతిసంచిలో పెట్టుకోవాలి. ఇన్సులిన్ కూడా చేతిసంచిలోనే ఉండాలి.

నగల గురించి తెలిసినవారు చాలా తక్కువ. ఇక్కడి నుంచి హారాలు, వడ్డాణాలు తీసుకెళ్లేవారు విలువ ధ్రువపత్రం చూపించి, బయలుదేరేటప్పుడే విమానాశ్రయంలోని కస్టమ్స్ అధికారుల దగ్గర ఎగుమతి ధ్రువపత్రం తీసుకోవాలి. అది ఉంటే, తిరిగి వచ్చేటప్పుడు సొంత బంగారానికే సుంకం కట్టమనే పేచీ రాదు.

థాయిలాండ్ వెళ్లేవారు 2025 మే నుంచి డిజిటల్ అరైవల్ కార్డును దిగడానికి ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో నింపాలి. అది ఉచితం, డబ్బు అడిగే వెబ్‌సైట్లను నమ్మవద్దు. వీసా నిబంధనలు తరచూ మారుతుంటాయి గనుక టికెట్లు తీసే ముందు ఆయా దేశాల అధికారిక వెబ్‌సైట్లలో మరోసారి చూసుకోవాలి.

తేదీ దగ్గర కూడా పొరబడే అవకాశం ఉంది. టికెట్ మీద 10వ తేదీ రాత్రి 1 గంట అని ఉంటే, అది 9వ తేదీ అర్ధరాత్రి దాటగానే వచ్చే ఒంటిగంట. చెన్నైకైనా బెంగళూరుకైనా గంటల తరబడి దారి కాబట్టి, కడప వాళ్లు 9వ తేదీ మధ్యాహ్నమే ఇల్లు కదలాలి.

పెళ్లివారు ఈ వివరాలన్నీ తెలుగులో ఒక కాగితం మీద అచ్చువేయించి మూడు నెలల ముందే బంధువులకు అందజేయాలని, విమానాశ్రయంలో పెద్దల వెంట ఉండడానికి ఇంట్లో చదువుకున్న పిల్లల్లో ఒకరిని నియమించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఎర్రముక్కపల్లె, కడప