ఇంకో వెంచర్‌కి సంతకం పెట్టేముందు మురుగు కాలువ యాడుందో అడగండి సార్: నెల్లూరు శివారు నుంచి మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రి గారికి,

నమస్కారం సార్. మేము నెల్లూరు టౌన్‌కి తూర్పుదిక్కున, ఒకప్పుడు వరి పండిన మాగాణిలో వేసిన వెంచర్లలో ఇళ్లు కట్టుకుని ఉంటున్నోళ్లం. చిన్న ఉద్యోగాలోళ్లు, పోర్టు పనులకి పోయేవాళ్లు, రొయ్యల కంపెనీల్లో చేసేవాళ్లు, పల్లెలో పొలం అమ్ముకుని పిల్లల చదువులకని టౌన్ పక్కకి చేరినవాళ్లు, అందరం కలిసి మాట్లాడుకుని ఈ లేఖ రాస్తున్నాం. కొత్త వెంచర్లు వేయొద్దని మేం అడగట్లేదు. మేమూ ప్లాటు కొనుక్కునే ఇక్కడికి వచ్చినాం, రేపు వచ్చేవాళ్లకి కూడా ఇల్లు కావాల గదా. మేం అడిగేది ఒకటే, ఇంకో వెంచర్‌కి అప్రూవల్ ఇచ్చేముందు అక్కడ పడే వాననీళ్లు, ఇళ్లలో వాడిన నీళ్లు ఏ కాలువలో కలుస్తాయి, ఆ కాలువ చివరిదాకా తెరిచి ఉందా లేదా అని మ్యాపు మీద చూపించమనండి. చూపించలేకపోతే అప్రూవల్ ఇవ్వబాకండి.

ఎందుకు ఇంత గట్టిగా అడుగుతున్నామో చెప్తాం. మాగాణి అంటే నీళ్లు నిలబెట్టేదానికి తరతరాలుగా తయారు చేసుకున్న నేల. పెన్నా మీద పాత ఆనకట్ట 1850ల్లో కట్టినకాడి నుంచీ కాలువల నీళ్లతోనే ఈ చుట్టుపక్కల వరి పండింది, సర్వేపల్లి కాలువ, జాఫర్ సాహెబ్ కాలువ అంటే తెలీని రైతు ఈ దిక్కున లేడు. పొలానికి ఒకపక్క నీళ్లు తెచ్చే పంట కాలువ, ఇంకోపక్క మిగిలిన నీళ్లు తీసకపోయే మురుగు కాలువ, రెండూ ఉంటేనే మాగాణి. వెంచర్ వేసేటప్పుడు ఏమవుతా ఉందంటే నాలుగెకరాలో పదెకరాలో కొంటారు, నాలుగడుగులు గ్రావెల్ తోలి చదును చేస్తారు, మధ్యలో ఉన్న పిల్ల కాలువలు ఇంక పంట లేదు గదా అని పూడ్చేస్తారు, డొంకని కలుపుకుని సిమెంట్ రోడ్డు వేస్తారు. పంట పోయింది నిజమే. పైన ఇంకా సాగులో ఉన్న పొలాల నుంచి నీళ్లు రావడం మాత్రం ఆగదు, వాన పడడం ఆగదు. ఆ నీళ్లు వాటి పాత దారిలోనే వస్తాయి, ఆ దారిలో ఇప్పుడు మా ఇళ్లు ఉన్నాయి.

ఇంకో సంగతి ఉంది, ఇది బయట వాళ్లకి తెలీదు, ఇక్కడ ఉండేవాళ్లకే అర్థం అవుద్ది. మొదట వేసిన వెంచర్ పొలం మీద మూడడుగులు లేపితే, పక్కన వచ్చిన రెండోది దాని మీద ఇంకో రెండడుగులు లేపుతుంది, మూడోది ఇంకా పైకి. తర్వాత పంచాయతీ వాళ్లు మెయిన్ రోడ్డు మీద మళ్లీ రోడ్డు వేసి ఇంకో అడుగు పెంచుతారు. ముందుగా వచ్చి ముందుగా ఇల్లు కట్టుకున్నవాళ్లు గుంటలో మిగిలిపోతారు. మా వీధుల్లో ఇరవై ఏళ్లు కూడా కాని ఇళ్లకి వాకిలి మెట్లు పైకి ఎక్కేదానికి పోయి లోపలికి దిగేదానికి అయినాయి. అప్పు చేసి, బంగారం తాకట్టు పెట్టి కట్టుకున్న ఇల్లు సార్, దాన్ని జాకీలు పెట్టి లేపేదానికి మళ్లీ యాడ తెచ్చేది. ఒక ఏరియాలో నేల ఇంత ఎత్తుకి మించి పెంచకూడదు అని ఎవరన్నా ఒక లెవెల్ కట్టి చెప్పినారా అంటే మాకు తెలిసి లేదు. ఎవరికి వాళ్లు తమ వెంచర్‌లో నీళ్లు నిలబడకుండా చూసుకుంటున్నారు, ఆ నీళ్లు పక్కోళ్ల మీదికి పోతున్నాయి.

డ్రైనేజీ లేదా అంటే ఉంది. ప్రతి వీధికీ రెండుపక్కలా సైడు కాలువలు ఉన్నాయి, బ్రోచర్‌లో ఫోటోలో కూడా ఉన్నాయి. అవి వెంచర్ ప్రహరీ గోడ దాకా వచ్చి ఆగిపోతాయి, గోడ అవతల ఏమీ లేదు. నీళ్లు అక్కడ మడుగు కట్టి, తుంగ మొలిచి, దోమలు పెరిగి, చివరికి అవతలి రైతు పొలంలోకి పోతే ఆయన మా మీదికి గొడవకి వస్తాడు. ఆయన తప్పేం లేదు.

ఒక చిన్న లెక్క చెప్తాం, మా పిల్లోళ్లు కూర్చుని వేసినారు. డ్రైనేజీ ఉన్న పట్టణాల్లో మనిషికి రోజుకి 135 లీటర్ల నీళ్లు ఇయ్యాలని కేంద్రం వాళ్ల మాన్యువల్‌లో ఉంది, అందులో 80 శాతం మురుగుగా తిరిగి వస్తాయని కూడా ఇంజనీర్లు లెక్క కడతారు. 500 ఇళ్ల వెంచర్, ఇంటికి నలుగురు అనుకోండి, రోజుకి 2 లక్షల 16 వేల లీటర్ల మురుగు. 5 వేల లీటర్ల ట్యాంకర్‌తో ఎత్తాలంటే 43 ట్రిప్పులకి పైనే. ఇది ఒక్క వెంచర్, వాన చుక్క పడకుండా. ఇట్టాంటివి ఒక రోడ్డు వెంబడే వరసగా ఎన్ని ఉన్నాయో మీ ఆఫీసు మ్యాపులోనే కనపడుద్ది. ఇంత నీళ్లకి ఒక పెద్ద కాలువ కావాల, అది ఏ ఒక్క వెంచర్ ఓనరూ కట్టేది కాదు, ప్రభుత్వమే కట్టాల, అందరి దగ్గరా డబ్బులు తీసుకుని అయినా సరే.

సెప్టిక్ ట్యాంకుల సంగతి చెప్పేదానికే బాధగా ఉంది. ఇంటింటికీ సెప్టిక్ ట్యాంకు, ఇంటింటికీ బోరు, ప్లాటు చిన్నది కాబట్టి ఆ రెండిటి మధ్యా ఉండాల్సినంత దూరం ఉండదు. మన నెల్లూరు లెక్కలో అంకణం అంటే 72 చదరపు అడుగులు, పేదోళ్లకి ప్రభుత్వం ఇచ్చిన సెంటు స్థలం అంటే 6 అంకణాలు. ఆ 6 అంకణాల్లో ఇల్లు, బాత్రూము, సెప్టిక్ ట్యాంకు, కొంతమందికి బోరు కూడా. పక్కింటిదీ అంతే. ఒకరి గుంతలోది ఇంకొకరి బోరులోకి ఊరదని ఎవరు చెప్పగలరు? చేతిలో డబ్బులున్నవాళ్లం 20 లీటర్ల క్యాన్లు కొనుక్కుని తాగుతున్నాం, ఆ సెంటు స్థలాల కాలనీల్లో ఆడవాళ్లు అన్నానికి క్యాను నీళ్లు, గిన్నెలకి బోరు నీళ్లు అని చూసుకుని చూసుకుని వాడతా ఉంటారు. ట్యాంకు నిండితే బండి పిలుస్తాం, ఆ బండి తీసకపోయింది యాడ పోస్తుందో అడిగినవాళ్లు లేరు, చీకటిపడ్డాక కాలువ గట్ల మీద వాసన వస్తే తెలుస్తుంది.

తాగేనీళ్ల దగ్గర ఇంకో అన్యాయం కూడా మీ దృష్టికి తెస్తున్నాం. కార్పొరేషన్ హద్దు లోపల ఉంటే 135 లీటర్ల లెక్క, హద్దు దాటి పంచాయతీలో పడితే జల్ జీవన్ మిషన్ కింద మనిషికి 55 లీటర్ల లెక్క. మా మధ్య హద్దు ఒక రోడ్డు అంతే సార్. రోడ్డుకి ఇటుపక్క అపార్ట్‌మెంట్, అటుపక్క అపార్ట్‌మెంట్, ఒకే మాదిరి ఫ్లాట్లు, ఒకే మాదిరి ఉద్యోగాలు. కట్టింది టౌన్ మాదిరి, నీళ్లు లెక్క కట్టింది పల్లె మాదిరి. సోమశిలలో 78 టీఎంసీలు పడతాయి, కండలేరులో 68 టీఎంసీలు పడతాయి, మన జిల్లా మీదుగా చెన్నైకి తాగేదానికి నీళ్లు పోతున్నాయి, పోనీయండి, వాళ్లూ మనుషులే, దాహం అందరిదీ ఒకటే. 2022 సెప్టెంబర్‌లో సంగం బ్యారేజీ, నెల్లూరు బ్యారేజీ రెండూ ఒకేరోజు ప్రారంభం అయినాయి, అప్పుడు మేం ఎంత సంతోషపడినామో చెప్పలేం. అంత పెద్ద పనులు చేయగలిగిన ప్రభుత్వానికి ఆ నీళ్లని శివారు వీధుల దాకా పైపు వేసి తీసుకురావడం కష్టం అనుకోం.

నెల్లూరుకి అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ, ఇంటింటికీ మంచినీళ్లు అని హడ్కో (ఇళ్లకీ, పట్టణాల పనులకీ అప్పులిచ్చే కేంద్ర సంస్థ) అప్పుతో పెద్ద స్కీము మొదలుపెట్టింది గుర్తుంది మాకు. ఎవరి హయాంలో మొదలైంది ఎవరి హయాంలో ఆగింది అనే గొడవలోకి మేం రావట్లేదు. మాకు కావాల్సింది ఆ స్కీము వేసినప్పటి ఊరు వేరు, ఇప్పటి ఊరు వేరు అని గుర్తించడం. 2011 జనాభా లెక్కల్లో నెల్లూరు కార్పొరేషన్ 5 లక్షల దగ్గర. ఆ తర్వాత జనాభా లెక్క అయ్యే లోపల ఎన్ని వెంచర్లు లేచినాయో మీకూ తెలుసు. పైపులు, ఎస్టీపీలు (మురుగునీళ్లు శుద్ధి చేసే ప్లాంట్లు) పాత లెక్కకి కట్టి, దానికి కొత్త కాలనీలన్నీ తగిలిస్తే పాత కాలనీల్లో కూడా మ్యాన్‌హోళ్లు పొంగుతాయి. శివారు పంచాయతీలని కూడా లెక్కలోకి తీసుకుని కొత్తగా డీపీఆర్ (పూర్తి ప్రాజెక్టు రిపోర్టు) చేయించండి.

వానల గురించి ప్రత్యేకంగా చెప్పాల. రాజధానిలో కూర్చునే ఆఫీసర్లు వానాకాలం అంటే జూన్ జులై అనుకుంటారు, మనకి అసలు వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, ఈశాన్య రుతుపవనాలవి, తుపాన్లవి. పూడికతీత టెండర్లు లేటుగా పిలిచి నవంబర్‌లో జేసీబీ దింపితే ఆ జేసీబీ కూడా నీళ్లలో నిలబడుద్ది. 2021 నవంబర్‌లో పెన్నాకి వరద వచ్చి పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, హైవే మీద బండ్లు ఆగిపోయినాయి, టౌన్‌లో భగత్ సింగ్ కాలనీ ఇళ్లలోకి నీళ్లు చేరినాయి. అది ఏరు పొంగిన వరద, దాన్ని ఆపడం అంత సులువు కాదు, ఒప్పుకుంటాం. మా బాధ ఏరు పొంగకపోయినా మునగడం. ఒక రాత్రి గట్టి వాన పడితే మాగుంట లేఅవుట్ అండర్‌బ్రిడ్జి, రామలింగాపురం అండర్‌బ్రిడ్జి, ఆత్మకూరు బస్టాండు అండర్‌బ్రిడ్జి నిండిపోయి టౌన్ రెండు ముక్కలు అవుద్ది, అవతల ఉన్న ఆస్పత్రికి ఆటోవాడు రానంటాడు. టౌన్ నడిబొడ్డునే అట్టా ఉంటే శివారులో ఎట్టా ఉంటుందో ఊహించుకోండి. అర్ధరాత్రి పురుటి నొప్పులు వస్తే మోకాటిలోతు నీళ్లలో అంబులెన్స్ వీధి చివర ఆగి ఉంటే కుర్చీలో కూర్చోబెట్టి మోసుకుపోయిన ఇళ్లు ఇక్కడ ఉన్నాయి సార్, అది తల్చుకుంటే ఇప్పటికీ గుండె అదురుద్ది.

మేం యాడికి పోయి చెప్పుకోవాల అనేది కూడా తేల్చండి. పంచాయతీకి పోతే వెంచర్ ఇంకా మాకు అప్పగించలేదు అంటారు, అప్రూవల్ ఇచ్చిన ఆఫీసుకి పోతే లేఅవుట్ పూర్తయింది మా పని అయిపోయింది అంటారు, కాలువ సంగతి ఇరిగేషన్ వాళ్లని అడగమంటారు, వాళ్లు ఆ కాలువ ఇప్పుడు మా రికార్డులో ఉందో లేదో సర్వేయర్‌ని అడగాల అంటారు. వెంచర్ వేసినాయన ఫోను ఎత్తడు. వెంచర్ పనులు పూర్తి చేయించేదానికని అప్రూవల్ ఇచ్చే ఆఫీసు వాళ్లు ఆయన ప్లాట్లు కొన్ని తాకట్టు పెట్టుకుంటారు గదా, ఆ ప్లాట్లు విడుదల చేసేముందు ఇక్కడ కాపురం ఉంటున్నవాళ్లని ఒక్కమాట అడిగితే ఎంత బాగుంటుంది. వానాకాలం ఒకటి గడిచినాకే విడుదల చేయండి, అప్పుడు కాలువ పారుతుందో లేదో ఎవరూ చెప్పాల్సిన పని లేకుండా కళ్లకే కనపడుద్ది.

నుడా (నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థ) 2017లో వచ్చింది, చుట్టుపక్కల లేఅవుట్ల కాగితాలన్నీ ఒకచోట ఉంటాయి కాబట్టి మొదట చేయాల్సిన పని మ్యాపు. పాత ఎఫ్‌ఎంబీ స్కెచ్చుల్లో (రెవెన్యూ వాళ్ల పొలం కొలతల పటాలు) పంట కాలువలు, మురుగు కాలువలు, వాగు పోరంబోకు, డొంకలు అన్నీ గీసి ఉంటాయి. ఆ స్కెచ్చుల మీద ఇప్పటి వెంచర్లు పెట్టి చూస్తే ఏ కాలువ ఎవరి రోడ్డు కింద ఉందో తెలిసిపోతుంది. ఆ మ్యాపు కార్పొరేషన్ గోడ మీదా, పంచాయతీ గోడ మీదా అంటించండి, ప్లాటు కొనేవాళ్లు చూసుకుని కొంటారు. పూడ్చిన చోట తవ్వించండి, అవసరమైతే మా వీధి రోడ్డు పగలగొట్టి కల్వర్టు వేయండి, కొన్నాళ్లు ఇబ్బంది పడతాం, ఫరవాలేదు. లేఅవుట్ ఫీజులు, ఖాళీ స్థలం పన్ను, డెవలప్‌మెంట్ చార్జీలు ఇవన్నీ ఈ ఏరియా నుంచి వస్తున్న డబ్బులే, అందులో కొంత భాగం ఈ ఏరియా పెద్ద కాలువకీ, నీళ్ల ట్యాంకుకీ మాత్రమే వాడేటట్టు వేరే ఖాతాలో వేయించండి.

మిగతావి కూడా చెప్పి ముగిస్తాం. లేఅవుట్‌లో పార్కుకీ, అందరికీ పనికొచ్చేవాటికీ వదిలే 10 శాతం స్థలం చాలాచోట్ల కంపచెట్లతో ఉంది, రెండు మూడు వెంచర్లకి కలిపి ఒక అంగన్‌వాడీ, ఒక ఆరోగ్య ఉపకేంద్రం అక్కడ పెట్టొచ్చు. సర్కారు బడి దూరం, చిన్నపిల్లలు లారీలు తిరిగే రోడ్డు దాటిపోవాల. ఆర్టీసీ బస్సు ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి తిప్పినా ఆడపిల్లల కాలేజీ ఖర్చు తగ్గుద్ది. ఇంకోటి, ఎవరూ నోరుతెరిచి అడగరు కానీ, ఇన్ని వేలమంది చేరిన చోట శ్మశానానికి స్థలం లేదు, పాత ఊరి శ్మశానానికి తీసకపోతే ఆ ఊరివాళ్లతో మాట పడాల్సి వస్తోంది, చనిపోయిన మనిషి ముందర ఆ మాటలు పడడం ఎవరికీ వద్దు.

పేదోళ్లకని ప్రభుత్వం కట్టిన టిడ్కో అపార్ట్‌మెంట్ ఇళ్లు గుర్తు చేసుకోండి సార్, రాష్ట్రంలో ఎన్నోచోట్ల గోడలు లేచి రంగులు కూడా పడినా, నీళ్లు, డ్రైనేజీ, రోడ్డు లేక జనం ఏళ్ల తరబడి బయట అద్దెలు కట్టుకుంటా ఉండిపోయినారు. ప్రభుత్వం కట్టినదాంట్లోనే అట్టా జరిగితే ప్రైవేటు వెంచర్ల మీద ఇంకా గట్టిగా కన్నేయాల.

మీరు ఈ ఊరి గాలీ నీళ్లూ తెలిసినవాళ్లు, నెల్లూరు వీధులు మీకు మేం చూపించాల్సినవి కావు. అందుకే పైన ఎక్కడికో రాయకుండా మీకే రాస్తున్నాం. సెప్టెంబర్ లోపల ఒకరోజు ఇరిగేషన్ ఇంజనీరునీ, నుడా వాళ్లనీ, సర్వేయర్‌నీ, పంచాయతీ సెక్రటరీనీ ఒకేసారి వెంటబెట్టుకుని మా వీధుల్లోకి రండి. కాలువ యాడ మొదలై యాడ పూడిపోయిందో పాత రైతులు నడిచి చూపిస్తారు, ఆ పొలాల్లో చిన్నప్పుడు మడవ తిప్పినవాళ్లు ఇంకా మా మధ్యలో ఉన్నారు. ఆరోజు పనులకి సెలవు పెట్టుకుని అందరం ఉంటాం.

ఇట్లు,
నెల్లూరు తూర్పు శివారు వెంచర్లలో కాపురం ఉంటున్నోళ్లం